సరిహద్దు తాలూకాలో కాలేజీ చదువుకు ఆసరా

జహీరాబాద్ ప్రాంతంలో పై చదువంటే చాలాకాలం ఊరు విడిచి పోవడమే. ఒక పక్క హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైమాట, మరో పక్క బీదర్ దాదాపు 30 కిలోమీటర్లు. ఊరు దాటిన పిల్లవాడు ఎక్కడ తింటాడు, ఎక్కడ పడుకుంటాడు, ఫీజు ఎవరు కడతారు, అర్థంకాని పాఠం ఎవరు విప్పి చెప్తారు, దిగులు పడితే ఎవరికి చెప్పుకుంటాడు అన్న ప్రశ్నలకు ఒక్కో కాలం ఒక్కో జవాబు ఇచ్చింది. ఊరి ఇళ్లు, మఠాలు, కుల సంఘాలు, సర్కారు వంతులవారీగా ఆ భారం ఎత్తుకున్నాయి. తిండి సంగతి అన్నిటికంటే ముందు పట్టించుకున్నారు. మనసు సంగతి అన్నిటికంటే ఆలస్యంగా లెక్కలోకి వచ్చింది.

తెలుగు నేలలో బీద విద్యార్థికి అందిన మొదటి ఏర్పాటు వారాలు. చదువు కోసం వచ్చిన కుర్రవాడు ఊళ్లో ఏడు ఇళ్లు మాట్లాడుకునేవాడు. ఆదివారం ఒకరింట, సోమవారం మరొకరింట భోజనం. పడక గుడి మంటపంలోనో గురువుగారి అరుగు మీదనో. ఏడు ఇళ్లూ కుదరకపోతే కుదరని రోజున పస్తు, లేదా ముందురోజు ఇల్లాలు దయతలచి మూటగట్టి ఇచ్చిన అటుకులు. ఆ ఇంట మైల వచ్చినా, ఇంటివారు ఊరెళ్లినా ఆ వారం గండి పడినట్టే. బదులుగా కుర్రవాడు నీళ్లు తోడిపెట్టడం, పూజకు పూలు కోసుకురావడం వంటి పనులు చేసేవాడు. పేరుపడ్డ పండితుల్లో, వకీళ్లలో ఎందరో వారాలబ్బాయిలుగా మొదలైనవారే. అయితే ఎవరు ఎవరింట తినవచ్చునో కులం తేల్చేది కనుక ఈ ఏర్పాటు ఆచరణలో బ్రాహ్మణ పిల్లలను దాటి పోలేదు. ముస్లిం పిల్లలకు మసీదునూ మదరసానూ ఆనుకుని ఇలాంటి పోషణే ఉండేది. మిగిలిన కులాల పిల్లల్లో చాలామందికి, ఆడపిల్లలకు ఆ రోజుల్లో చదువు అందడమే అరుదు, ఇక దానికి ఆసరా ఎక్కడిది?

జహీరాబాద్ వైపు మరో ఆధారం లింగాయత మఠాలు. ఈ తాలూకా నిజాం కాలంలో మెదక్ జిల్లాలో లేదు, బీదర్ జిల్లాలో ఉండేది. బసవన్న నడయాడిన కల్యాణ పట్టణం ఆ జిల్లాలోనిదే. మఠంలో వచ్చినవారికి అన్నం పెట్టే దాసోహం ఆచారమే విద్యార్థి వసతిగృహాలకు పునాది వేసింది. భాల్కి హిరేమఠానికి చెందిన చన్నబసవ పట్టదేవరు నడిపిన బడి సంగతి ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు: సర్కారు కళ్లు కప్పడానికి బయట ఉర్దూ బోర్డు, లోపల కన్నడ పాఠం. మఠం నీడన పిల్లలకు తిండి, బస, చదువు ఒకచోటే దొరికేవి. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినబడే ఆ జిల్లాలో ఏ భాషలో చదవాలన్నది కూడా ఆసరాలో భాగమే అయింది.

కాలేజీ చదువు ఈ భాషా సమస్యను ఇంకా బిగించింది. 1917లో వెలువడిన ఫర్మానాతో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి రూపం వచ్చింది. 1918లో స్థాపన, మరుసటి ఏడు తరగతుల ఆరంభం. బోధన అంతా ఉర్దూలో. దేశభాషలో ఉన్నత విద్య చెప్పడం ఆ రోజుల్లో సాహసమే. పాఠ్యపుస్తకాల కోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థనే నెలకొల్పారు. ఇంగ్లీషు పుస్తకం తెరవలేని విద్యార్థికి వైద్యం నుంచి ఇంజనీరింగు దాకా తన చేతికందే భాషలో పుస్తకం తయారుచేసి ఇవ్వడం భారతదేశంలో విద్యార్థికి అందిన పెద్ద బోధనా సహాయాల్లో ఒకటి. కానీ సంస్థానంలో అత్యధికుల ఇంటి భాష ఉర్దూ కాదు. తెలుగు, కన్నడ, మరాఠీ ఇళ్ల పిల్లలు ఉర్దూ పట్టుబడేదాకా తంటాలు పడవలసి వచ్చింది. జహీరాబాద్ వంటి చోట ముస్లిం కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. అక్కడ ఒకే వీధిలో ఒక ఇంటి పిల్లవాడికి ఈ ఏర్పాటు వరం, పక్కింటివాడికి అడ్డుగోడ.

అదే 1918లో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ వెలిసింది. దాని వెనుక ఉన్న మనిషి తరవాత నగర కొత్వాలుగా 1920 నుంచి 1934 వరకు పనిచేసిన రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలకు నగరంలో తలదాచుకునే చోటు లేక చదువు మానుకుంటున్నారన్నది ఆయన గుర్తించిన విషయం. కులంలో ఉన్నవారి దగ్గర చందాలు పోగుచేసి, ఆ డబ్బుతో లేనివారి పిల్లలను చదివించడం ఆయన పట్టిన దారి. ఈ హాస్టల్ ఉత్త పడక, భోజనాలతో ఆగలేదు. గ్రంథాలయం ఉండేది, సభలు జరిగేవి. గోలకొండ పత్రిక స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డి ఈ హాస్టల్ బాధ్యతలు చూశారు. రావి నారాయణరెడ్డి ఇక్కడ ఉండి చదువుకున్నవారే. తెలంగాణ రాజకీయాల్లో, సాహిత్యంలో ఒక తరం మొత్తం ఆ గదుల్లోంచి నడిచి వచ్చిందంటే అతిశయోక్తి కాదు. ఆ తరవాత ఇతర కులాలవారూ తమతమ పేర్లతో వసతిగృహాలు కట్టుకున్నారు. కులం పేరు మీద నడిచే హాస్టల్ ఇవాళ వెనకబాటుగా కనిపించవచ్చు. కానీ విశ్వవిద్యాలయం పెట్టిన సర్కారు, జిల్లా పిల్లవాడు రాత్రి ఎక్కడ పడుకుంటాడో పూర్తిగా ఆలోచించలేదు. ఆ లోటును నాటి సమాజం తనకు తెలిసిన ఏకైక సంఘటిత రూపంతో పూడ్చుకుంది.

హాస్టల్ ఇచ్చే చెయ్యే హాస్టల్ నుంచి గెంటగలదని 1938లో తేలింది. ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడారని విద్యార్థులను బహిష్కరించారు. వందలమంది చదువు నడుమన ఆగిపోయింది. నాగపూర్ విశ్వవిద్యాలయం వారిని చేర్చుకోవడంతో కొందరి చదువు దక్కింది. తరవాత దేశ ప్రధాని అయిన పి.వి.నరసింహారావు ఆ విద్యార్థుల్లో ఒకరు. మరో రాష్ట్రపు విశ్వవిద్యాలయం తలుపు తీయడం ఆ తరానికి అందిన ఆసరాల్లో చెప్పుకోదగ్గది.

దళిత విద్యార్థుల కథ దారి వేరు. భాగ్యరెడ్డి వర్మ 1911లో మన్య సంఘం స్థాపించి, హైదరాబాద్‌లో వారి పిల్లలకు బడులు పెట్టారు. అవి చాలావరకు ప్రాథమిక బడులు. కాలేజీ మెట్టెక్కే పిల్లలకు డబ్బు రూపంలో సాయం ఢిల్లీ నుంచి మొదలైంది. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో అంబేడ్కర్ సభ్యులుగా ఉన్న రోజుల్లో, 1944–45లో, మెట్రిక్ దాటిన షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు కేంద్రం ఉపకారవేతనాలు ఆరంభించింది. 1948–49లో గిరిజన విద్యార్థులకు, ఆ మరుసటి ఏడు ఇతర వెనుకబడిన తరగతులకు ఇవి విస్తరించాయి. నిజాం సంస్థానం ఆఖరి రోజుల్లో లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యామంత్రిగా ఉన్న దళిత నాయకుడు బి.ఎస్.వెంకట్రావు హయాంలో అణగారిన వర్గాల చదువుకు కోటి రూపాయల నిధి ఏర్పడింది. వారాల భోజనంలో దాత ముఖం చూడాలి, కుల హాస్టల్లో పెద్దల మాట వినాలి. ఉపకారవేతనం మాత్రం ఎవరి దయా కాకుండా అర్హత మీద అందే హక్కు. అయితే ఆ హక్కుకు కాగితం కావాలి. ఇక్కడి నుంచి విద్యార్థి జీవితంలో ధ్రువీకరణ పత్రం దాతకు బదులుగా నిలబడింది.

1956లో రాష్ట్రాల పునర్విభజన చట్టం జహీరాబాద్ తాలూకాను రెండుగా చీల్చింది. నిర్ణా సర్కిల్ మినహా తాలూకా మొత్తం, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్, నారాయణఖేడ్ తాలూకా తెలంగాణ భాగంతో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోకి, మెదక్ జిల్లాలోకి వచ్చాయి. బీదర్ జిల్లాలో మిగిలిన అధికభాగం మైసూరు రాష్ట్రానికి పోయింది. అప్పటిదాకా జిల్లా కేంద్రమైన బీదర్ ఒక్కసారిగా పొరుగు రాష్ట్రపు పట్నం అయింది. చుట్టరికాలు, సంతలు, ఆసుపత్రులు మాత్రం ఎప్పటిలా బీదర్ వైపే సాగాయి. కాలేజీ చదువుకు మాత్రం ముఖం హైదరాబాద్ వైపు తిప్పుకోవలసి వచ్చింది. స్కాలర్‌షిప్పు కచేరీ సంగారెడ్డిలో, విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో. 1948 తరవాత ఉస్మానియా బోధన ఉర్దూ నుంచి ఇంగ్లీషులోకి మారింది కనుక, ఉర్దూలో చదివి వచ్చినవారికీ తెలుగులో చదివి వచ్చినవారికీ కొత్త భాష ఎదురైంది.

సరిహద్దు గీత ఎంత బరువైనదో 1974లో ఇంకా స్పష్టమైంది. 371–డి అధికరణం కింద ఆ ఏడాది జులై 1న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు విద్యాసంస్థల సీట్లలో 85 శాతం స్థానికులకు కేటాయించింది. అర్హత పరీక్ష రాసే ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవాడే స్థానికుడు. వరంగల్ నడిబొడ్డున ఉన్నవారికి ఈ నిబంధన తట్టనే తట్టదు. న్యాల్‌కల్ మండలంలో కర్ణాటక సరిహద్దున ఉన్న ఊరివారికి మాత్రం అది పెద్ద లెక్క. పిల్లవాడు మేనమామ ఇంట ఉండి బీదర్‌లో హైస్కూలు, ఇంటర్ చదివితే ఖర్చు తక్కువ, బస దొరుకుతుంది. కానీ తిరిగొచ్చి ఉస్మానియా పరిధిలో సీటు అడిగేనాటికి ఆ చదువే స్థానికతకు అడ్డం వస్తుంది. బంధువు ఇల్లు అనే పాత ఆసరాను వాడుకుంటే కోటా అనే కొత్త ఆసరా చేజారే పరిస్థితి. బీదర్‌లో 1980లో గురునానక్ దేవ్ ఇంజనీరింగ్ కళాశాల, ఆ తరవాత వృత్తివిద్యల శిక్షణ సంస్థలు వచ్చాక ఈ లాగులాట మరీ ఎక్కువైంది.

పాఠం అర్థమయ్యేలా చేయడమనే పని 1968లో తెలుగు అకాడమీ ఏర్పాటుతో ఒక దారికి వచ్చింది. రెండేళ్ల ఇంటర్మీడియట్ 1969–70లో మొదలయ్యేనాటికి తెలుగులో పాఠ్యపుస్తకాలు కావలసి వచ్చాయి. అకాడమీ ఆ పుస్తకాలు, పారిభాషిక పదకోశాలు తెచ్చింది. వాటి భాష కొన్నిచోట్ల ఇంగ్లీషుకంటే కఠినంగా ఉందని విద్యార్థులు నవ్వుకున్న మాట నిజమే. కానీ ట్యూషన్ పెట్టించుకోలేని పల్లె విద్యార్థికి గైడు కొనే డబ్బు మిగిల్చింది ఆ పుస్తకమే. ఇవాళ పోటీ పరీక్షలకు చదివేవారు కూడా పాత అకాడమీ పుస్తకాల కోసం వెతుక్కుంటున్నారు.

1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టడం జహీరాబాద్ వంటి ఊళ్లకు ఇంకా పెద్ద మార్పు. దేశంలో అదే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో అంబేడ్కర్ పేరు పెట్టారు. బడి ముఖం చూడనివారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించింది. పాఠాలు తెలుగులో అచ్చువేసి ఇంటికి పంపేవారు. పట్టణాల్లోని కాలేజీల్లో అధ్యయన కేంద్రాలు తెరిచారు. ఆదివారం మామూలు విద్యార్థులు లేని తరగతి గదుల్లో కండక్టర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఫ్యాక్టరీ కార్మికులు, పిల్లల్ని తోటికోడలికి అప్పజెప్పి వచ్చిన గృహిణులు కూర్చునేవారు. అక్కడ పాఠం చెప్పేవారిని లెక్చరర్ అనరు, కౌన్సెలర్ అంటారు: విద్యార్థి ముందే చదువుకుని వస్తాడు, అనుమానాలు తీర్చడమే ఆయన పని. 1980లలో ఆల్విన్ నిస్సాన్ వాహనాల కర్మాగారం వచ్చాక జహీరాబాద్‌లో పగలు ఉద్యోగం, ఆదివారం చదువు అన్నది ఊహకందే విషయమైంది. ఉర్దూవారికి ఇలాంటి దారి 1998లో హైదరాబాద్‌లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్యతో తెరిచింది. ఉస్మానియా వదిలేసిన ఉర్దూ బోధన అర్ధశతాబ్దం తరవాత మరో గుమ్మంలోంచి తిరిగొచ్చింది.

బస సమస్యకు సర్కారు చెప్పిన గట్టి జవాబు గురుకులం. 1971లో పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటిది వెలిసింది. 1980లలో సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. ఇవన్నీ బడి, ఇంటర్ స్థాయివి. ఇంటర్ ముగియగానే అమ్మాయికి పెళ్లి చేసేయడం మెదక్ పల్లెల్లో మామూలు కనుక డిగ్రీకి హాస్టల్ లేకపోతే చదువు అక్కడితో సరి. తెలంగాణ ఏర్పడ్డాక 2016 నుంచి తెరిచిన మహిళల గురుకుల డిగ్రీ కళాశాలలు సరిగ్గా ఈ తావున నిలబడ్డాయి. జహీరాబాద్‌కు వెళ్లే జాతీయ రహదారి మీద మునిపల్లి మండలం బుధేరాలో ఒకటి నడుస్తోంది. 2016లోనే మైనారిటీ గురుకులాలు కూడా ప్రారంభమయ్యాయి. ఇంటి నుంచే కాలేజీకి వెళ్లే ఆడపిల్లలకు 2023 డిసెంబరులో వచ్చిన ఉచిత బస్సు ప్రయాణం తోడయింది. కోహీర్, ఝరాసంగం, మొగుడంపల్లి నుంచి రోజూ వచ్చిపోయే విద్యార్థినికి నెల పాసు ఖర్చు తప్పింది. పొద్దున బస్సు సమయానికి వస్తుందా అన్నది మాత్రం పాత ప్రశ్నే.

ఫీజు విషయంలో 2008 ప్రాంతంలో అమలైన బోధన రుసుముల తిరిగి చెల్లింపు కాలేజీ చదువు స్వరూపాన్నే మార్చింది. వెనుకబడిన తరగతుల విద్యార్థులకు కూడా పెద్ద ఎత్తున వర్తించడంతో ప్రైవేటు డిగ్రీ, ఇంజనీరింగు కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. దరఖాస్తు తీరు చూస్తే దాత స్థానంలోకి కాగితం ఎలా వచ్చిందో బోధపడుతుంది. మీసేవలో ఆదాయ పత్రం తీయాలి. అది తహసీల్దారు కచేరీ నుంచి వచ్చేదాకా ఆగాలి. కులం, పుట్టిన ఊరు, నాలుగో తరగతి నుంచి చదివిన బోనఫైడ్లు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం అన్నీ ఒకే పేరు, ఒకే స్పెల్లింగుతో ఉండాలి. ఇంటిపేరు పదో తరగతి మెమోలో ముందు, ఆధార్‌లో వెనక ఉంటే కథ మళ్లీ మొదటికి. ఈపాస్ వెబ్‌సైటులో నమోదు చేసి, ఆ ప్రతి కాలేజీలో ఇచ్చి, వేలిముద్ర వేస్తే పని సగం అయినట్టు. చదువురాని తల్లిదండ్రుల పిల్లలకు ఇంటర్నెట్ సెంటర్ కుర్రవాడే ఆ వారం రోజులూ సలహాదారు, గుమాస్తా, ధైర్యం చెప్పే పెద్దదిక్కు. డబ్బు సర్కారు నుంచి కాలేజీకి ఆలస్యమైతే చదువు పూర్తయిన విద్యార్థి సర్టిఫికెట్లు అక్కడే ఆగిపోతాయి. 2025 నవంబరులో బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు రాష్ట్రవ్యాప్తంగా బంద్‌కు దిగేదాకా వెళ్లింది వ్యవహారం.

కాలేజీ లోపలి సహాయం ఇంత గట్టిగా ఎదగలేదు. 2000ల మధ్యలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు వచ్చాయి. ఇంగ్లీషు మాట్లాడటం, కంప్యూటర్, ఇంటర్వ్యూ నేర్పి క్యాంపస్ ఎంపికలకు తయారు చేయడం వాటి పని. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో పేరు మార్చుకుని సాగాయి. 2016లో వచ్చిన దోస్త్ అనే ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాల విధానం హైదరాబాద్ కాలేజీల చుట్టూ దరఖాస్తులు పట్టుకు తిరిగే తిప్పలు తప్పించింది. కాలేజీలను అంచనా వేసే న్యాక్ ఏడు ప్రమాణాల్లో ఐదోది విద్యార్థులకు ఇచ్చే మద్దతు. దాంతో ప్రతి కాలేజీలోనూ ఫిర్యాదుల విభాగం, ర్యాగింగ్ నిరోధక కమిటీ, మహిళా సాధికారత విభాగం, కెరీర్ గైడెన్స్ విభాగం పేర్లు గోడ మీదికి ఎక్కాయి. ఒక్కో అధ్యాపకుడికి కొందరు విద్యార్థులను అప్పగించి బాగోగులు చూడమనే పద్ధతీ ఉంది. అధ్యాపకుల ఖాళీలు నిండని కాలేజీలో ఆ పద్ధతి రిజిస్టరులో సంతకాలకే పరిమితం కావడం వింత కాదు.

విద్యార్థి మనసును సర్కారు పట్టించుకోవడం భయంతో మొదలైంది. ఆంధ్రప్రదేశ్ 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. అదే ఏడాది హైదరాబాద్‌లో రోష్ని అనే స్వచ్ఛంద సంస్థ దిగులుతో ఉన్నవారి ఫోన్లు వినడం ఆరంభించింది. 2000ల ఆరంభంలో ప్రొఫెసర్ నీరదారెడ్డి కమిటీ కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో పిల్లల మీద పడుతున్న ఒత్తిడిని పరిశీలించింది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లి, 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నాక, తప్పినవారందరి జవాబుపత్రాలనూ ఉచితంగా మళ్లీ పరిశీలించమని ప్రభుత్వం ఆదేశించింది. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో, డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడే మనిషి దొరుకుతారు. మానసిక వైద్యుణ్ణి కలవాలంటే సంగారెడ్డికి పోవాల్సిన పల్లె విద్యార్థికి ఇది దగ్గరి దారి. ఆ నంబరు ఉందని తెలియాలి, అంతే.

విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలతో విద్యార్థి మానసిక ఆరోగ్యం కాలేజీల బాధ్యతగా నమోదైంది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సామాజిక కార్యకర్తనో నియమించాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి మానసిక ఆరోగ్య నిపుణులతో ఒప్పందం పెట్టుకోవాలి. ప్రమాద సూచనలు గుర్తించేలా సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి, మార్కులను బట్టి విద్యార్థులను సెక్షన్లుగా విడదీయకూడదు, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి. ప్రభుత్వ కాలేజీలకు, ప్రైవేటు కాలేజీలకు, కోచింగ్ కేంద్రాలకు, హాస్టళ్లకు ఇవన్నీ ఒకేలా వర్తిస్తాయి.